జుకినీ కాపు, తెలుగు వంటిల్లు



అమెరికాలో ఇంటి వెనక నాలుగు మడులు కట్టుకున్న తెలుగు కుటుంబాలకు ఏటా మే నెలాఖరులో ఒక లెక్క తప్పుతుంది. వంగ ఆరు మొక్కలు, టమాటా ఆరు, మిరప ఓ డజను అనుకుంటూ, అదే వరసలో జుకినీ కూడా ఆరు పెట్టేస్తారు. వంగ, మిరప ఆ లెక్కకు తగ్గట్టే నడుచుకుంటాయి. జుకినీ నడుచుకోదు. మామూలు శ్రద్ధతో పెంచినా ఒక్కో మొక్క 3, 4 కిలోల కాయ ఇస్తుంది. అదంతా ఐదారు వారాల్లోనే మీద పడుతుంది. నలుగురున్న ఇంటికి ఒక్క మొక్క చాలు. రెండంటే బంధువులు దగ్గర్లో ఉండాలి.

పైగా అది వచ్చే వేళ చూడండి. న్యూజెర్సీ, మిషిగన్, ఇల్లినాయి లాంటి చల్లటి రాష్ట్రాల్లో జులై వచ్చినా సొర, బీర తీగలు ఇంకా పందిరి పాకుతూనే ఉంటాయి. వేడి కోరే జాతులు కాబట్టి ఆగస్టు దాకా సరైన కాయ చూపించవు. జుకినీకి పందిరి అక్కర్లేదు. తీగ సాగకుండా ఉన్నచోటే పొదలా కూర్చుని, విత్తిన 50 రోజులకల్లా కాపుకొస్తుంది. పువ్వు విచ్చిన వారం లోపే కాయ కోతకు సిద్ధం. వెచ్చటి రోజుల్లో రోజుకు అంగుళం నుంచి రెండంగుళాల దాకా సాగుతుంది. శుక్రవారం జానెడు కాయను చూసి ఇంకాస్త పెరగనిద్దామని ఊరెళ్ళిన మనిషికి, సోమవారం పొద్దున ఆకుల చాటున మూరెడు కాయ కనిపిస్తుంది.

మొక్క మీద కోపం తెచ్చుకుని లాభం లేదు. దానికి కావలసింది విత్తనం. మనం 6, 7 అంగుళాల లేతకాయ కోసినప్పుడల్లా దాని పని మధ్యలో ఆగిపోతుంది, మళ్ళీ పూస్తుంది, మళ్ళీ పిందె వేస్తుంది. కోసేకొద్దీ కాస్తుంది. అదే ఒక కాయను చెట్టుకే వదిలేసి ముదరనిస్తే, గింజలు తయారవుతున్నాయి కదా అని కొత్త పిందెల జోరు తగ్గిస్తుంది. కాపు తట్టుకోలేకపోతున్నామనే వాళ్ళకు ఇంతకన్నా తేలికైన ఉపాయం లేదు. కానీ తోట పెంచేవాళ్ళలో ఆ పని మనస్ఫూర్తిగా చేసేవాళ్ళు తక్కువ.

ఈ బాధ మనవాళ్ళ ఒక్కరిదే అనుకోకండి. అమెరికా పల్లెల్లో పాత హాస్యం ఒకటుంది: ఏడాది పొడుగునా కారుకు తాళం వేయని మనుషులు జులైలో మాత్రం వేస్తారట, లేకపోతే చర్చి నుంచి తిరిగొచ్చేసరికి ముందు సీటు నిండా జుకినీలు ఉంటాయని. పెన్సిల్వేనియాకు చెందిన థామస్ రాయ్, రూత్ రాయ్ దంపతులు దీన్ని ఒక పండగ చేసేశారు. పొరుగింటి వరండాలో చడీచప్పుడు లేకుండా జుకినీ వదిలి వచ్చే రోజంటూ ఆగస్టు 8ని ప్రకటించారు. రచయిత్రి బార్బరా కింగ్‌సాల్వర్ వర్జీనియాలో తన కుటుంబం ఒక ఏడాది పాటు సొంత పొలం పంట, చుట్టుపక్కల పంటే తిని బతికిన అనుభవాన్ని 2007లో పుస్తకంగా రాస్తే, అందులో జుకినీ ఉపద్రవానికి ఒక అధ్యాయంలో పెద్ద పీటే వేయాల్సి వచ్చింది. 2010లో మోంటానా రాష్ట్రంలో ఒకావిడ తన కుక్క మీదికొచ్చిన నల్ల ఎలుగుబంటి మీదికి, చేతికందిన అడుగు పైచిలుకు జుకినీని విసిరి దాన్ని తరిమేసింది. పత్రికలన్నీ రాశాయి. ముదురు జుకినీకి దొరికిన మంచి ఉపయోగాల్లో అదొకటి.

ఈ కాయ వంశం అమెరికాలదే. మెక్సికోలోని వహాకా ప్రాంతంలో గిలా నకీట్జ్ అనే గుహ ఉంది. అక్కడ దొరికిన గింజలు సుమారు 10,000 ఏళ్ళ నాటివనీ, అవి మనుషులు సాగు చేసిన గుమ్మడివేననీ స్మిత్సోనియన్ శాస్త్రవేత్త బ్రూస్ స్మిత్ 1997లో ప్రకటించాడు. జుకినీ ఆ జాతిలోదే. కొలంబస్ తర్వాత గింజలు సముద్రం దాటి ఇటలీ చేరాయి. 19వ శతాబ్దంలో మిలాన్ చుట్టుపక్కల తోటమాలులు వాటి నుంచి పొడుగ్గా, లేతగా కోసుకునే ఈ రకాన్ని తీశారు. 20వ శతాబ్దం మొదట్లో ఇటలీ వలసదారుల వెంట అది మళ్ళీ అమెరికా వచ్చింది. మనం సంక్రాంతికి వండుకునే తియ్యగుమ్మడి దానికి దాయాది, అదీ ఆ ఖండం నుంచి వచ్చినదే. బూడిదగుమ్మడి, సొర మాత్రం వేరే వంశాలు. పుట్టుక వేరైనా వంటింట్లో జుకినీకి దారి చూపించేవి ఆ రెండే. ఎందుకో కాసేపట్లో చూద్దాం.

జుకినీలో నూటికి 95 పాళ్ళు నీరే. 100 గ్రాముల ముక్కల్లో 17 క్యాలరీలకు మించి ఉండవు. రుచి కూడా అంతంతమాత్రం, దాని గొప్ప దాని మెత్తదనంలో ఉంది. దాన్ని బాగా వండిన ప్రతి దేశమూ మొదట ఆ నీటి సంగతి తేల్చుకుంది. ఇటలీలో సోరెంటో ద్వీపకల్పం కొసన నెరానో అనే చిన్న రేవు ఊరు ఉంది. అక్కడి మరియా గ్రాజియా అనే భోజనశాలలో 1952లో పుట్టిందని చెప్పుకునే స్పగెట్టీ ఒకటి ప్రపంచమంతా తిరిగింది. అందులో జుకినీని పల్చటి చక్రాలుగా తరిగి, నూనెలో వేయించి, పక్కన పెట్టి, ఆ తర్వాతే పాస్తాలో ఆ ప్రాంతపు జున్నుతో కలుపుతారు. వేయించినప్పుడే నీరంతా పోయి రుచి చిక్కబడుతుంది. నేపుల్స్ ఇల్లాళ్ళు చక్రాలను కాసేపు ఎండలో ఆరబెట్టి, వేయించి, వెనిగర్, వెల్లుల్లి, పుదీనాతో ఊరబెడతారు. టర్కీలో తురిమి, ఉప్పు చల్లి, గట్టిగా పిండేసి, గుడ్డు, పిండి, సోపు వాసన ఉండే ఆకు కలిపి అట్లలా కాలుస్తారు. అమెరికన్లు ఒక్కళ్ళే ఆ నీటిని వరంగా తీసుకున్నారు. 1960, 70 దశకాల్లో ఇంటింటా పాకిన జుకినీ బ్రెడ్డు పేరుకే బ్రెడ్డు, నిజానికి దాల్చినచెక్క వేసిన కేకు. తురుములోని తేమే దాన్ని నాలుగు రోజులు ఎండిపోకుండా ఉంచుతుంది. మంచిదే. కానీ ఒక బ్రెడ్డుకు పట్టేది రెండు కప్పుల తురుము, కేకులతో కాపును జయించాలంటే మన నడుము సంగతి మర్చిపోవాలి.

ఇక తెలుగు వంటిల్లు. కొత్తగా జుకినీ పట్టిన చేయి దాన్ని సొరకాయ అనుకుని మూతపెట్టి మగ్గిస్తుంది. పది నిమిషాల్లో మూత తీసేసరికి ముక్క ఉండదు, పచ్చటి గుజ్జు ఉంటుంది. సొరకాయ ముక్క గట్టిది, తన నీటిలో తాను ఉడికే ఓపిక ఉంది దానికి. జుకినీ లేతది. అందుకే పోపు కూర చేయాలంటే వెడల్పాటి మూకుడు, పెద్ద మంట, మూత లేకపోవడం, ఉప్పు చివర్న చల్లడం, ఈ నాలుగూ తప్పనిసరి. ఉప్పు ముందే వేస్తే నీరూరి కూర కాస్తా పులుసవుతుంది. చెక్కు తీయనక్కర్లేదు, ఆ తోలే ముక్కను పట్టి ఉంచుతుంది. దించేముందు వేయించిన పల్లీల పొడో, కొబ్బరికారమో చల్లితే మిగిలిన తడి కూడా అది పీల్చుకుంటుంది.

పప్పులోనూ అంతే. కందిపప్పుతో కలిపి కుక్కర్లో పెట్టేస్తే కాయ వేసినట్టు సాక్ష్యం కూడా మిగలదు. పప్పు విడిగా ఉడికించుకుని, ముక్కల్ని పచ్చిమిర్చితో పోపులో రెండు మూడు నిమిషాలు తిప్పి కలపాలి.

అన్నిటికన్నా బాగా కుదిరేది పులుసు. మన పెద్దవాళ్ళు పులుసు పెట్టేటప్పుడు చింతపండు రసం ముందే పోయకు, ముక్క ఉడకదు అని హెచ్చరించేవారు. అది నిజం. ముక్క కణాల గోడల్లో ఉండే పెక్టిన్ పులుపులో త్వరగా కరగదు. వంకాయకో, ముల్లంగికో ఆ గుణం ఇబ్బంది. జుకినీకి అదే రక్ష. చింతపండు రసం తెర్లేటప్పుడు పెద్ద ముక్కలు వేసి, బెల్లం, ఉప్పు, కారం, కాస్త బియ్యప్పిండి నీళ్ళు కలిపి దించితే, ముక్క ముక్కలాగే ఉండి పులుసు పట్టుకుంటుంది. దప్పళంలో సొరకాయ, గుమ్మడి ముక్కల స్థానంలో నిస్సంకోచంగా వేసుకోవచ్చు.

పచ్చడి సంగతి చెప్పకపోతే ఆంధ్ర శ్రోతలు ఊరుకోరు. బీరకాయ పచ్చడి వచ్చిన ఇంట్లో జుకినీ పచ్చడి నేర్పనక్కర్లేదు. కాకపోతే ముక్కలు వేయించేటప్పుడు నీరంతా ఇగిరి, అంచులు ఎర్రబడేదాకా ఆగాలి. ఆ ఓపిక లేకనే చాలా ఇళ్ళలో అది చప్పగా, జారుగా వస్తుంది. వేయించిన నువ్వులు, ఎండుమిర్చి, చింతపండు, చివర ఇంగువ పోపు. ఒక కిలో కాయ చిన్న గిన్నెడు పచ్చడవుతుంది. కాపు ముంచెత్తుతున్న వారంలో ఇంతకన్నా కావలసిందేముంది!

తెలంగాణ ఇళ్ళకు ఇంకా దగ్గరి దారి ఉంది. సర్వపిండిలో సొరకాయ తురుము వేసే అలవాటు వాళ్ళకు ఎప్పట్నుంచో ఉంది. బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు, పచ్చిమిర్చి, కరివేపాకు, సొరకాయ బదులు జుకినీ తురుము. తురుముకు ఉప్పు పట్టించి పావుగంట ఉంచితే దాని నీరు దానికే ఊరుతుంది, వేరే నీళ్ళు అక్కర్లేకుండా పిండి కలిసిపోతుంది. మందపాటి గిన్నెలో నూనె రాసి, పిండిని పల్చగా అద్ది, వేలితో చిల్లులు పొడిచి నూనె చుక్కలు వేసి కాల్చడమే. పారబోయాల్సిన నీరే ఇక్కడ పనికొస్తుంది. ఇటలీ, టర్కీ వంటవాళ్ళకు తట్టని సంగతి ఇది.

మరి ఆ మూరెడు కాయ మాటేమిటి? కొందరు దాన్ని కోసి కంపోస్టులో పడేస్తారు, కొందరు పొరుగువారికి అంటగడతారు. రెండూ అన్యాయమే. ముదిరిన జుకినీ లేత జుకినీలా ప్రవర్తించదు. తోలు గట్టిపడుతుంది, నడుమ గింజలూ దూదిలాంటి గుజ్జూ చేరతాయి, వాటికీ తోలుకూ మధ్య గట్టి కండ మిగులుతుంది. సరిగ్గా బూడిదగుమ్మడి కండ లాంటిదే. కాబట్టి దానికి తగిన వంట వడియాలు.

తోలు చెక్కి, గింజలు గుజ్జుతో సహా తీసేసి, కండను సన్న ముక్కలుగా తరగాలి. ఉప్పు, పసుపు పట్టించి, పల్చటి గుడ్డలో మూటకట్టి, జల్లెడ మీద పెట్టి, పైన బరువు ఉంచి రాత్రంతా వదిలేయాలి. పొద్దునకు మూట సగానికి సగం తగ్గిపోతుంది. మినప్పప్పు నానబెట్టి, నీళ్ళు పోయకుండా గట్టిగా రుబ్బి, పచ్చిమిర్చి ముద్ద, జీలకర్ర, ఇంగువ, పిండిన ముక్కలు కలిపి, గుడ్డ మీదో షీటు మీదో వడియాలు పెట్టాలి. ముక్కల్లో ఉప్పు ఉంది కాబట్టి పిండిలో వేసే ఉప్పు రుచి చూసి వేయాలి. ఇంతవరకూ బందరులోనైనా డాలస్‌లోనైనా ఒకటే. తేడా ఎండలో వస్తుంది. టెక్సస్, ఆరిజోనా ఎండకు మూడు నాలుగు రోజుల్లో గలగలమంటాయి. న్యూజెర్సీలో ఆగస్టు ఉక్కకు పైన ఎండినా లోపల తడి మిగిలి బూజు పడుతుంది, దానికి తోడు ఉడతలొకటి. అలాంటి చోట ఒక పూట ఎండలో ఆరనిచ్చి, తర్వాత డీహైడ్రేటర్లో 135 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర పూర్తిచేయడం మేలు. విరిస్తే పుటుక్కున విరగాలి, వంగితే ఇంకా ఎండలేదన్నమాట. పెద్ద కాయ రెండు వేస్తే చలికాలమంతా పప్పుచారు పక్కన వడియం ఉంటుంది.

తీపి ఇష్టమున్నవాళ్ళు అదే కండను తురిమి, పిండి, నేతిలో పచ్చివాసన పోయేదాకా వేయించి, పాలు పోసి దగ్గరకు రానిచ్చి, పంచదార, యాలకులు వేస్తే సొరకాయ హల్వాకు ఏమీ తీసిపోదు.

కాపు ఇంకా పిందె దశలో ఉండగానే అదుపు చేసే దారి కూడా ఒకటుంది, పువ్వు తినేయడం. జుకినీ మొక్కకు మగ పువ్వులు, ఆడ పువ్వులు వేరువేరు. సన్నటి కాడ మీద నిలబడేది మగది. వెనకాల చిన్న పిందె ఉన్నది ఆడది. రెండూ పొద్దున్నే విచ్చి మధ్యాహ్నానికి ముడుచుకుంటాయి. రోమ్ నగరంలో ఈ పువ్వులో మొజరెల్లా జున్ను, ఉప్పుచేప ముక్క దూర్చి, పిండిలో ముంచి వేయిస్తారు. మనం గుమ్మడి పువ్వును గొబ్బెమ్మ నెత్తిన పెట్టి మురిసిపోయాం గానీ తినే సంగతి పెద్దగా పట్టించుకోలేదు. ఒడిశా, బెంగాల్ వాళ్ళు బియ్యప్పిండిలోనో శనగపిండిలోనో ముంచి ఏనాటి నుంచో తింటున్నారు. లోపలి కేసరం తుంచేసి, శనగపిండిలో వాము వేసి బజ్జీ వేస్తే సాయంత్రం టీకి అంతకన్నా ఏం కావాలి. తేనెటీగల పని కోసం రెండు మూడు మగ పువ్వులు చెట్టుకు వదిలితే చాలు.

ఇప్పుడు కాస్త గట్టిగా చెప్పాల్సిన మాట. దోసకాయ తరిగేటప్పుడు ముందుగా కొస ముక్క నోట్లో వేసుకుని చేదు చూడటం తెలుగిళ్ళలో అందరికీ తెలిసిన అలవాటు. జుకినీకి కూడా ఆ అలవాటు మానవద్దు. దోస, సొర, గుమ్మడి కుటుంబంలో కుకుర్బిటాసిన్లనే చేదు విషాలుంటాయి. సాగు రకాల్లో అవి దాదాపు లేకుండా పోయినా ఎప్పుడైనా తిరిగొస్తాయి. 2015లో జర్మనీలోని హైడెన్‌హైమ్‌లో 79 ఏళ్ళ పెద్దాయన ఇంటితోట జుకినీతో వండిన చేదు కూర తిని చనిపోయాడు. మన దేశంలో 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త చేదు సొరకాయ రసం తాగి ప్రాణం పోగొట్టుకున్నాక, భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘాన్ని వేసి, చేదుగా ఉన్న రసం తాగవద్దని హెచ్చరించింది. వండినంత మాత్రాన ఆ చేదు విరగదు, మసాలా వేసి కప్పిపుచ్చితే ఇంకా ప్రమాదం. నాలుక్కి చేదు తగిలితే ఉమ్మేసి కాయ మొత్తం పారేయాలి.

ఇది విత్తనం దాచుకునేవాళ్ళకు మరీ ముఖ్యం. అలంకారానికి పెంచే రంగురంగుల చిన్న గుమ్మళ్ళు చాలావరకు జుకినీ జాతివే. రెండూ దగ్గర్లో ఉంటే తేనెటీగ పుప్పొడి కలిపేస్తుంది. ఆ ఏడు కాయకు ఏమీ కాదు, దాని గింజ దాచి మరుసటేడు వేస్తే చేదు బయటపడుతుంది. సొర, బీర, గోంగూర గింజలు కవర్లో పెట్టి స్నేహితులకు పోస్టులో పంపుకోవడం మనవాళ్ళకు ముచ్చటైన అలవాటు. జుకినీ గింజ మాత్రం ఏటా కొనుక్కోవడమే మంచిది.

నిల్వ సంగతి. గుమ్మడికాయను దూలానికి వేలాడదీస్తే నెలలు ఉంటుంది, ముదిరిన తోలు దాన్ని కాపాడుతుంది. లేత జుకినీ ఫ్రిజ్‌లో వారం ఆగడం కష్టం. తురిమి, ఆవిరి మీద నిమిషమో రెండు నిమిషాలో ఉంచి, చల్లార్చి, ఒక్క వంటకు సరిపడా సంచుల్లో ఫ్రీజర్లో పెడితే శీతాకాలం గడుస్తుంది. కరిగాక ఊరే నీటిని చపాతీ పిండిలోనో పప్పులోనో పోసుకోవచ్చు. సీసాల్లో మరిగించి మూతబిగించే క్యానింగ్ మాత్రం వద్దు. ఎంతసేపు మరిగిస్తే భద్రమో తేల్చలేమంటూ పాత సూచనల్ని అమెరికా వ్యవసాయ శాఖే వెనక్కి తీసుకుంది. బొటులిజం అనే ప్రమాదకరమైన ఆహార విషబాధ తెచ్చే సూక్ష్మజీవికి పులుపు లేని కాయ, గాలాడని సీసా చాలు. జుకినీ ఆవకాయ పెట్టేవాళ్ళకూ ఇదే మాట. మామిడికాయకున్న పులుపు దీనికి లేదు. నిమ్మరసం దండిగా పిండి, ఫ్రిజ్‌లో ఉంచి, దోసావకాయలాగా నాలుగు రోజుల్లో తినేయాలి.

ఇంత చేసినా మిగిలితే పంచాల్సిందే. ఆదివారం గుడికి బుట్టతో వెళ్ళేవాళ్ళు ఇప్పటికే ఉన్నారు. కానీ గుడిలో కలిసే వాళ్ళ పెరట్లోనూ అదే కాపు ఉంటుంది. అంతకన్నా అవసరమున్న చోటు, లేనివాళ్ళకు ఉచితంగా తిండి సరుకులిచ్చే ఫుడ్ ప్యాంట్రీ. అక్కడికి వచ్చే కుటుంబాలకు డబ్బా తిండి దొరికినంత తేలికగా తాజా కూరగాయ దొరకదు. న్యూజెర్సీలో గ్యారీ ఓపెన్‌హైమర్ అనే తోటమాలి ఈ సంగతి గమనించి, 2009లో యాంపుల్ హార్వెస్ట్ అనే సంస్థ పెట్టాడు. మీ ఊరి జిప్‌కోడ్ ఇస్తే, పెరటి కూరగాయలు తీసుకునే ప్యాంట్రీ దగ్గర్లో ఎక్కడుందో అది చూపిస్తుంది. మంచి మనసుతో ఇచ్చిన తిండి వల్ల దాతకు చట్టపరమైన చిక్కు రాకుండా 1996లో ఫెడరల్ ప్రభుత్వం చట్టం కూడా చేసింది. కాబట్టి భయం అక్కర్లేదు. వెళ్ళే రోజు పొద్దున కోయండి, 6, 7 అంగుళాల కాయలే ఏరండి, ఒక్కో మొక్క నుంచి ఒక ముక్క రుచి చూసి చేదు లేదని తేల్చుకోండి, ఏ వేళల్లో తీసుకుంటారో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. మూరెడు కాయలు మాత్రం ఇంట్లోనే ఉంచుకుని వడియాలు పెట్టండి.